కొత్తగా లైసెన్స్ వచ్చిందా? కారు ఇన్సూరెన్స్ ఖర్చు తగ్గించుకోండిలా.. ఈ కవర్లు మాత్రం తీసేయొద్దు!

ఎల్ఎల్ఆర్ అయిపోయింది. ట్రాక్ మీద రివర్స్ కూడా గట్టెక్కారు. లైసెన్స్ కార్డు చేతికొచ్చింది. ఇక మొదటి కారు తీసుకోవడమే ఆలస్యం. షోరూంలో ఆన్‌రోడ్ ధర కాగితం చూస్తే మాత్రం గుండె గుభేల్‌మంటుంది. ఇన్సూరెన్స్ అని రాసిన గడిలోనే వేలకు వేలు కనిపిస్తాయి.

ఇక్కడ చాలామంది రెండు రకాలుగా నష్టపోతున్నారు. కొందరు ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా మొత్తం కట్టేస్తారు. ఇంకొందరు నాలుగు వేలు మిగులుతాయని అసలు అవసరమైన కవర్‌నే తీసేస్తారు. ప్రమాదం జరిగాక గానీ ఆ సంగతి బయటపడదు. అందుకే ప్రీమియంలో ఏ భాగం తగ్గుతుంది, ఏది తగ్గదు, ఏది తగ్గించకూడదు.. ఒక్కొక్కటిగా చూద్దాం.

కొత్త డ్రైవర్‌కి ప్రీమియం ఎక్కువా?

అమెరికా, బ్రిటన్‌లో అయితే అవును. అక్కడ డ్రైవర్ వయసు, లైసెన్స్ వచ్చి ఎన్నేళ్లయిందీ చూసి రేటు వేస్తారు. చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు అక్కడ మొదటి కారు ఇన్సూరెన్స్ కోట్ చూసి షాక్ అయ్యేది అందుకే. మంచి మార్కులుంటే డిస్కౌంట్, అమ్మానాన్నల పాలసీలో పేరు చేర్చడం లాంటి టిప్స్ అక్కడివే. వీడియోల్లో చూసి ఇక్కడ ట్రై చేస్తే పనికిరావు.

మన దగ్గర పాలసీ ప్రధానంగా కారుకి రాస్తారు, డ్రైవర్‌కి కాదు. ఇంజిన్ ఎంత, కారు వయసు ఎంత, దాని విలువ ఎంత, ఏ ఊళ్లో రిజిస్టర్ అయింది, ఇంతకుముందు క్లెయిమ్‌లు ఉన్నాయా.. ఇవే లెక్క. కాబట్టి లైసెన్స్ కొత్తదని ఎవరూ మీకు ఫైన్ వేయరు. అయితే ఒక చిక్కుంది. క్లెయిమ్ చేయనివారికి ఏటా పెరిగే నో క్లెయిమ్ బోనస్ మీ దగ్గర ఇంకా ఉండదు. మీరు సున్నా నుంచి మొదలుపెడతారు. కొత్త డ్రైవర్‌కి అసలు తేడా ఇక్కడే వస్తుంది.

బిల్లులో ఏముంటుంది?

మీ పాలసీ కాగితంలో ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి.

ఒకటి.. థర్డ్ పార్టీ. మీ కారు వల్ల వేరేవాళ్లకు ప్రాణనష్టం, గాయాలు, ఆస్తి నష్టం జరిగితే ఇచ్చే పరిహారం ఇది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. దీని రేటు కేంద్రమే ఖరారు చేస్తుంది. ఏ కంపెనీకి వెళ్లినా ఒకే ధర. బేరం ఉండదు.

రెండు.. ఓన్ డ్యామేజ్, అంటే ఓడీ. మీ సొంత కారుకు డ్యామేజీ అయినా, దొంగతనం జరిగినా, వరదలో మునిగినా, కాలిపోయినా డబ్బులొచ్చేది దీని నుంచే. ఈ రేటు కంపెనీని బట్టి మారుతుంది. ప్రీమియం తగ్గించుకునే ఛాన్స్ ప్రధానంగా ఇక్కడే ఉంది.

మూడు.. ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్. దీన్నే పీఏ కవర్ అంటారు. 15 లక్షల రూపాయల కవర్ ఇది.

వీటి మీద యాడ్ ఆన్లు, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

థర్డ్ పార్టీ రేట్లు ఇవీ..

2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ప్రైవేట్ కార్లకు ఏడాది ప్రీమియం ఇలా ఉంది.

- 1000 సీసీ వరకు: రూ. 2,094
- 1000 నుంచి 1500 సీసీ: రూ. 3,416
- 1500 సీసీ దాటితే: రూ. 7,897

కొత్త కారు కొంటే మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2018 సెప్టెంబర్ 1 నుంచి ఈ రూల్ వచ్చింది. పై మూడు రకాలకు మూడేళ్లకు వరుసగా రూ. 6,521, రూ. 10,640, రూ. 24,596. వీటికి జీఎస్టీ అదనం. ఎలక్ట్రిక్ కార్లకు థర్డ్ పార్టీలో 15 శాతం, హైబ్రిడ్‌కు 7.5 శాతం తగ్గింపు ఉంది.

ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చు?

1. కారు ఎంచుకునేటప్పుడే సీసీ చూడండి

కారు కొన్నాక ఇక్కడ చేసేదేం లేదు. కొనేముందే ఆలోచించాలి. వ్యాగనార్‌నే తీసుకోండి. 1.0 లీటర్ ఇంజిన్ ఒకటి, 1.2 లీటర్ ఇంజిన్ ఒకటి. మొదటిది 998 సీసీ, రెండోది 1197 సీసీ. మొదటి మూడేళ్ల థర్డ్ పార్టీలోనే రూ. 4,119 తేడా. ఊళ్లో తిరగడానికి, ఆఫీసుకు వెళ్లిరావడానికి చిన్న ఇంజిన్ చాలనుకుంటే ప్రీమియం కూడా కలిసొస్తుంది.

2. డీలర్ కోట్ ఒక్కటే చూసి ఓకే చెప్పొద్దు

షోరూంలోనే ఇన్సూరెన్స్ తీసుకోవాలనే రూల్ ఏదీ లేదు. అదే కారుకి, అదే విలువకి, అవే యాడ్ ఆన్లతో ఇంకో రెండు మూడు కంపెనీల కోట్లు తీసుకోండి. తర్వాత ఆ కాగితంతో డీలర్‌ని అడగండి. ఓడీలో తగ్గించే అవకాశం వాళ్లకూ ఉంటుంది.

పోల్చేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. చివర్లో ఉన్న మొత్తం కాదు, లోపల ఉన్న వివరాలు చూడాలి. ఐడీవీ తగ్గించి, జీరో డెప్ తీసేసి తక్కువ ధర చూపించడం చాలా ఈజీ. మీ ఊళ్లో ఆ కంపెనీకి క్యాష్‌లెస్ గ్యారేజ్ ఉందో లేదో కూడా అడగండి.

3. ఐడీవీతో ఆటలొద్దు

ఐడీవీ అంటే కంపెనీ మీ కారుకు కట్టిన విలువ. కారు దొంగతనం అయినా, రిపేరుకు పనికిరాకుండా దెబ్బతిన్నా వచ్చే గరిష్ఠ మొత్తం అదే. కొత్తలో ధరలో 5 శాతం తగ్గించి లెక్కిస్తారు. ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు.

ఐడీవీ తగ్గిస్తే ఓడీ తగ్గుతుంది, నిజమే. కానీ లక్ష రూపాయల విలువ తగ్గించుకుంటే ప్రీమియంలో మిగిలేది కొన్ని వేలే. రేపు కారు పోతే మాత్రం లక్ష తక్కువొస్తుంది. పైగా కారు లోన్ మీద ఉంటే ఈఎంఐ ఆగదు కదా!

4. ఇంట్లో ఉన్న బోనస్ వాడుకోండి

కొత్తగా కారు కొనే చాలా ఇళ్లలో పట్టించుకోనిది ఇదే. నో క్లెయిమ్ బోనస్ ఓడీ మీద ఇలా పెరుగుతుంది.. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకు 50 శాతం. ఈ బోనస్ కారుది కాదు, ఓనర్‌ది. పాత కారు అమ్మేసినా అది పోదు.

ఉదాహరణకు నాన్నకు పాత కారు మీద 50 శాతం బోనస్ ఉందనుకుందాం. ఆ కారు అమ్మి, కొత్తది కూడా ఆయన పేరిటే కొంటే.. పాత కంపెనీ నుంచి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుని కొత్త పాలసీలో వాడుకోవచ్చు. కొత్త కారు ఓడీ 20 వేలు అయితే నేరుగా 10 వేలు తగ్గినట్టే. ఈ సర్టిఫికెట్ మూడేళ్ల వరకు చెల్లుతుంది.

అయితే నాన్న బోనస్‌ను కొడుకు పేరిట, కూతురి పేరిట ఉన్న కారుకు మార్చడం కుదరదు. తన పేరిట లేని బోనస్‌ని ఉన్నట్టు రాయించొద్దు. క్లెయిమ్ వచ్చినప్పుడు పాత కంపెనీని అడిగి తెలుసుకుంటారు. అక్కడ దొరికిపోతే క్లెయిమ్‌కే ఎసరు.

5. వాలంటరీ డిడక్టబుల్.. లెక్క చూసి తీసుకోండి

ఏ ఓడీ క్లెయిమ్‌లో అయినా కొంత మీ జేబు నుంచి పోతుంది. 1500 సీసీ వరకు రూ. 1,000, దాటితే రూ. 2,000. ఇది తప్పనిసరి. దీనికి అదనంగా 'ఇంకొంత నేనే భరిస్తా' అని మీరు ఒప్పుకుంటే ఓడీలో తగ్గింపు ఇస్తారు.

పాత మోటార్ టారిఫ్‌లో లెక్క ఇలా ఉండేది. రూ. 2,500 ఒప్పుకుంటే 20 శాతం, గరిష్ఠంగా రూ. 750 తగ్గింపు. రూ. 15,000 ఒప్పుకుంటే 35 శాతం, గరిష్ఠంగా రూ. 2,500. ఇప్పుడు కంపెనీని బట్టి మారొచ్చు గానీ, తీరు ఇదే. ఏడాదికి రెండున్నర వేలు మిగలడానికి ప్రతి ప్రమాదానికీ 15 వేలు పెట్టుకోవడం కొత్త చేతికి రిస్కే. రూ. 2,500 లాంటి చిన్న మొత్తం అయితే ఓకే. ఎందుకంటే అంత చిన్న రిపేరుకు క్లెయిమ్ చేయకపోవడమే లాభం. అదెలాగో కింద చూద్దాం.

6. యాడ్ ఆన్లలో ఏవి ఉంచాలి?

మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బర్ పార్టులకు సగం ధరే ఇస్తారు. ఫైబర్ అయితే 30 శాతం కోస్తారు. బంపర్లు ప్లాస్టిక్‌వే. కొత్త డ్రైవర్ ముందుగా తగిలించేది కూడా బంపర్‌నే! అందుకే కొత్త కారుకు మొదటి రెండు మూడేళ్లు జీరో డెప్రిసియేషన్ ఉంచుకోవడం మంచిది.

ఇంటి ముందు రోడ్డు వానకు చెరువయ్యే ఏరియా అయితే ఇంజిన్ ప్రొటెక్ట్ కూడా అవసరమే. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడవుతుంది. ఈ యాడ్ ఆన్ లేకుంటే ఆ ఖర్చు చాలావరకు మీదే.

కీ రీప్లేస్‌మెంట్, లోపలి సామాన్ల కవర్ లాంటివి అవసరం లేకపోతే తీసేయొచ్చు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ను కారు కంపెనీ ఇప్పటికే ఇస్తుంటే రెండోసారి కొనక్కర్లేదు. డీలర్ ప్యాకేజీలో ఇవన్నీ కలిపే ఉంటాయి, విడదీసి చూపించమని అడగండి.

7. కారు తక్కువ తిప్పుతారా?

2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొత్త రకం కవర్లకు ఓకే చెప్పింది. తిరిగిన కిలోమీటర్లను బట్టి కట్టేది ఒకటి, నడిపే తీరును బట్టి రేటు వేసేది మరొకటి. వారానికోసారి మాత్రమే కారు తీసేవాళ్లకు మొదటిది పనికొస్తుంది. అయితే కిలోమీటర్ల లిమిట్ దాటితే ఏమవుతుందో ముందే అడిగి తెలుసుకోండి.

8. కట్టిందే మళ్లీ కట్టొద్దు

కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ముందే కట్టేశారు. ఓడీ ఏడాదికే తీసుకుని ఉంటే, మొదటి రెండు రెన్యూవల్స్‌కి ఓడీ ఒక్కటే కావాలి. 2019 సెప్టెంబర్ నుంచి ఓడీ పాలసీని విడిగా, వేరే కంపెనీలో కూడా తీసుకోవచ్చు. కోట్‌లో థర్డ్ పార్టీ మళ్లీ కలిసిందేమో చూసుకోండి.

పీఏ కవర్ విషయంలోనూ అంతే. మీ పేరిట ఉన్న బైక్ పాలసీలో ఇప్పటికే ఓనర్ డ్రైవర్ పీఏ ఉన్నా, విడిగా కనీసం 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉన్నా కారుకు ఇంకోటి అక్కర్లేదు. ఆ వివరాలు ఇస్తే చాలు.

చిన్న గీత పడితే క్లెయిమ్ చేయాలా?

కొత్త చేతికి మొదటి ఏడాది గేటుకో, పిల్లర్‌కో తగలడం మామూలే. ఇక్కడే లెక్క వేసుకోవాలి.

మీ ఓడీ ప్రీమియం 12 వేలు అనుకుందాం. బంపర్ ధర 4 వేలు, కూలి వెయ్యి.. మొత్తం బిల్లు 5 వేలు. మామూలు పాలసీలో ప్లాస్టిక్ తరుగు కింద 2 వేలు, తప్పనిసరి డిడక్టబుల్ వెయ్యి పోతే కంపెనీ ఇచ్చేది 2 వేలు. క్లెయిమ్ చేసినందుకు వచ్చే ఏడాది 20 శాతం బోనస్ పోతుంది. అంటే 2,400, జీఎస్టీతో కలిపి 2,832. రెండు వేల కోసం దాదాపు మూడు వేలు వదులుకున్నట్టు!

అంతటితో అయిపోదు. 20 నుంచి 50 శాతానికి ఎక్కే మెట్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. జీరో డెప్ ఉంటే కంపెనీ ఇచ్చేది పెరుగుతుంది గానీ, చాలా పాలసీల్లో ఏడాదికి ఇన్ని క్లెయిమ్‌లే అన్న లిమిట్ ఉంటుంది. చిన్నదానికి వాడేస్తే పెద్దది వచ్చినప్పుడు ఇబ్బంది. కాబట్టి ముందు గ్యారేజ్‌లో ఎస్టిమేట్ వేయించి, ఆ తర్వాతే క్లెయిమ్ సంగతి తేల్చుకోండి.

అయితే ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే మాత్రం ఈ లెక్కలు పక్కన పెట్టండి. పోలీసులకు, కంపెనీకి వెంటనే చెప్పాల్సిందే.

కారు నాన్న పేరిట, స్టీరింగ్ పిల్లల చేతిలో..

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. లైసెన్స్ ఉన్న ఎవరు నడిపినా థర్డ్ పార్టీ, ఓడీ కవర్లు పనిచేస్తాయి. ఇబ్బంది పీఏ దగ్గర వస్తుంది. ఆ 15 లక్షలు ఓనర్ అయిన డ్రైవర్‌కి మాత్రమే. కారు నాన్న పేరిట ఉండి, కొడుకో కూతురో నడుపుతూ ప్రమాదంలో చనిపోతే ఈ కవర్ కింద ఆ కుటుంబానికి ఏమీ రాదు. ఓనర్‌కి లైసెన్స్ లేకపోయినా ఈ కవర్ వర్తించదు.

కాబట్టి బోనస్ కోసం నాన్న పేరిట కారు తీసుకుంటే, మిగిలిన డబ్బులో కొంత పెట్టి నడిపేవాళ్ల పేరిట విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. వేలల్లో ఆదా అయిన చోట దీన్ని వదిలేయడం తెలివైన పని కాదు.

సెకండ్ హ్యాండ్ కారు అయితే?

ఓనర్ మారిన 14 రోజుల్లోగా పాలసీని మీ పేరిట మార్పించుకోవడానికి అప్లై చేయాలి. థర్డ్ పార్టీ కవర్ చట్టం ప్రకారం మీకు బదిలీ అయినట్టే లెక్క. ఓడీ అలా కాదు. పాలసీ పాతాయన పేరిటే ఉంటే మీ కారు డ్యామేజీకి డబ్బులు రావడం కష్టం. పాతాయన బోనస్ కూడా మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాలి. కారుకు బయట సీఎన్‌జీ కిట్ పెట్టించి ఉంటే అది ఆర్సీలో, పాలసీలో రెండింట్లోనూ ఎక్కిందో లేదో చూడండి.

ఇవి మాత్రం చేయొద్దు

- థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకుని వదిలేయడం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు నీటిపాలయ్యాయి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే ఇలాంటి నష్టానికి ఒక్క రూపాయి రాదు. బాగా పాత కారు, పోయినా తట్టుకోగలం అనుకుంటే తప్ప ఓడీ వదలొద్దు.
- ఎదుటివాళ్ల ఆస్తి నష్టం లిమిట్ తగ్గించడం. ప్రైవేట్ కారుకు ఇది 7.5 లక్షల వరకు ఉంటుంది. దాన్ని 6 వేలకు తగ్గించుకునే ఆప్షన్ ఉంది. మిగిలేది కొద్ది రూపాయలే. ఖరీదైన కారుకు తగిలిస్తే మిగతాదంతా మీరే కట్టాలి.
- రెన్యూవల్ లేట్ చేయడం. గడువు దాటిన రోజు నుంచే కవర్ లేనట్టు. 90 రోజులు దాటితే అప్పటిదాకా కూడబెట్టిన బోనస్ కూడా పోతుంది. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి రూ. 2,000, మళ్లీ దొరికితే రూ. 4,000 ఫైన్. మూడు నెలల వరకు జైలు శిక్షకూ అవకాశం ఉంది.
- డిస్కౌంట్ కోసం ఊరి అడ్రస్ పెట్టడం. పాత టారిఫ్ ప్రకారం హైదరాబాద్ జోన్ ఏ, విజయవాడ, విశాఖ, వరంగల్ జోన్ బీ. రేటులో తేడా చాలా చిన్నది. దానికోసం తప్పుడు అడ్రస్ ఇచ్చి క్లెయిమ్‌ను రిస్క్‌లో పెట్టుకోవద్దు.
- వైట్ బోర్డు కారును కిరాయికి తిప్పడం. ప్రైవేట్ పాలసీ సొంత వాడకానికే. కిరాయికి ఇచ్చినప్పుడు ప్రమాదం జరిగితే క్లెయిమ్ రిజెక్ట్ కావొచ్చు.
- లైసెన్స్ లేనివాళ్లకు తాళం ఇవ్వడం. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నడపొచ్చు గానీ, పక్క సీట్లో లైసెన్స్ ఉన్నవాళ్లు ఉండాలి, ఎల్ బోర్డు పెట్టాలి. మైనర్‌కి ఇస్తే ఇంటి పెద్దకు లేదా ఓనర్‌కు 25 వేల ఫైన్, మూడేళ్ల వరకు జైలు.

డబ్బు కట్టేముందు ఈ ఐదు చూడండి

ఒకటి, ఆర్సీలో ఉన్న పేరు, ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ పాలసీలో అలాగే ఉన్నాయా? రెండు, ఐడీవీ ఎంత రాశారు? మూడు, ఎన్‌సీబీ శాతం నిజంగా మీకు వచ్చిందేనా? నాలుగు, అడగని యాడ్ ఆన్లు ఏమైనా కలిపారా? ఐదు, నడిపే మనిషికి పీఏ కవర్ ఉందా?

పాలసీ వచ్చాక ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఇన్సూరెన్స్ ఎక్కిందో లేదో చూసుకోండి. సగం ధరకే పాలసీ అంటూ వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్‌లను నమ్మొద్దు. కంపెనీతో ఏదైనా తేడా వస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా కంప్లయింట్ ఇవ్వండి. తేలకపోతే ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబర్‌కు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయొచ్చు.